ఆకు లేని చెట్టుని ఏమని పిలవాలి?

ఆకు లేని చెట్టుని చూసి 'ఎంత బావుందో' అని రాసిన తెలుగు వాక్యం కోసం కొంతకాలంగా వెతుకుతున్నాను. చిగురు గురించి రాసిన వాక్యాలకి మన దగ్గర కొదవలేదు. పూత, పిందె, కాయ, పండు, చివరికి పండుటాకు కూడా మన కవిత్వంలో గౌరవంగానే బతుకుతున్నాయి. ఆకులన్నీ రాల్చి కొమ్మలతో నిలబడ్డ చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మారిపోతుంది. కథలో అలాంటి చెట్టు కనపడిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనో, పోబోతున్నారనో అర్థం. సినిమాలో కనపడిందంటే పక్కనే తెల్లచీర కట్టుకున్న ఒక స్త్రీ ఉంటుంది. ఆ చెట్టుకి మన భాష పెట్టిన పేరు మోడు. ఆ స్త్రీ బతుక్కి పెట్టిన పేరూ అదే. 'మోడువారిన జీవితం' అన్న తరవాత ఇంకేమీ చెప్పక్కర్లేదు. భర్త పోయిందని, పిల్లలు లేరని, ఇక ఎదురు చూడటానికి ఏమీ లేదని వినేవాళ్ళకి ఆ రెండు మాటలతోనే తెలిసిపోతుంది.

ఈ పోలిక ఎంత అలవాటయిపోయిందంటే అది పోలిక అన్న సంగతే మర్చిపోయాం. స్త్రీవాద విమర్శ భాషలో దాక్కున్న పితృస్వామ్యాన్ని చాలా చోట్ల పట్టుకుంది. సామెతల్లో, తిట్లలో, ఆశీర్వచనాల్లో పట్టుకుంది. మోడు దగ్గర మాత్రం అంతగా ఆగినట్టు లేదు. ఆగకపోవడం వల్ల ఇద్దరికి అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. ఒకరు స్త్రీ. రెండోది చెట్టు. ఈ రెండోదాని గురించి మాట్లాడితే ఇదేం స్త్రీవాదం అని నవ్వేవాళ్ళున్నారని తెలుసు. ఒక సెమినార్లో నేనీ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దాయన 'మోడులో అందమేమిటమ్మా' అని అడిగి, జవాబు కోసం ఎదురు చూడకుండానే తర్వాతి పత్రాన్ని పిలిచారు. ఆ జవాబు ఇక్కడ చెప్పుకుంటాను.

ముందు మాటని చూద్దాం. మోడు అని మనం మూడు వేర్వేరు వాటిని పిలుస్తున్నాం. గొడ్డలి పెట్టి నరికేస్తే మిగిలిన మొదలు మోడే. చచ్చిపోయి ఎండి నిలబడ్డ చెట్టూ మోడే. నీళ్ళు తక్కువైన కాలంలో తనంతట తాను ఆకు రాల్చుకుని, లోపల నిక్షేపంగా బతికున్న చెట్టు కూడా మోడే. మొదటిది హత్య, రెండోది మరణం, మూడోది బతుకుతెరువు. మూడింటికీ ఒకటే మాట వాడే భాషకి వాటి మధ్య తేడా చూసే అవసరం లేదన్నమాట, లేదా చూడకుండా ఉండే అవసరం ఉందన్నమాట.

దీని పక్కన ఇంకో మాట పెట్టి చూడండి. మన ఊళ్ళలో స్త్రీలని తిట్టడానికి, మరీ ముఖ్యంగా భర్త లేని స్త్రీని తిట్టడానికి వాడే 'ముండ' అన్న మాట. సంస్కృతంలో ముండ శబ్దానికి గొరిగిన తల అని అర్థం. కొమ్మలు నరికేసిన చెట్టు అని కూడా అర్థం ఉంది. గొరిగిన తలనీ నరికిన చెట్టునీ ఒకే మాటలో పెట్టిన ఆ నిఘంటువు కనీసం నిజాయితీగా ఉంది. రెండు చోట్లా ఒక పనిముట్టు ఉంది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఉంది. వితంతువుకి జుట్టు రాలిపోలేదు, మంగలిని పిలిపించి తీయించారు. గాజులు జారిపోలేదు, పగలగొట్టారు. మోడు అన్న పోలిక చేసిన ఘనకార్యం ఏమిటంటే ఈ చేతిని కనపడకుండా చెయ్యడం. నరకడాన్ని రాలడంగా మార్చి చెప్పింది. శిశిరం వస్తే చెట్టు ఆకు రాల్చినట్టు, భర్త పోతే స్త్రీ మోడవుతుంది, అది సృష్టిధర్మం, ఎవరూ చేసింది కాదు అని మన చేత నమ్మించింది.

చెట్టు ఆకు రాల్చే పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాల్చే ముందు చెట్టు ఆకులో ఉన్న సారాన్ని చాలావరకు కొమ్మలోకి వెనక్కి తీసుకుంటుంది. ఆకు పసుపు రంగుకో ఎరుపుకో తిరిగేది అప్పుడే. కాడ తెగే చోట ముందుగానే ఒక పొర కట్టుకుంటుంది. అందుకని ఆకు ఊడాక అక్కడ గాయం ఉండదు, మచ్చ ఉంటుంది. చలిదేశాల్లో చలికీ, తగ్గిపోయిన వెలుతురుకీ రాలుస్తాయి. మన తూర్పు కనుమల్లో నీటి ఎద్దడికి రాలుస్తాయి. ఆకు ఉంటే దాని గుండా నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి, వానలు వెనక్కి తగ్గాక ఆ ఖర్చు మానుకుంటాయి. ఇందులో విషాదం ఎక్కడుందో నాకు కనపడదు. నెల జీతం రాని నెలలో ఇల్లాలు చేసే పని ఇదే.

ఇక మన కావ్యాల సంగతి. ఆకు లేకపోవడం అంటే ఎప్పుడూ అశుభమేనా అంటే కాదు, ఎవరికి లేదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్థాణువు అంటే మోడు. స్థాణువు అంటే శివుడు కూడా. కదలని, మారని, దేని మీదా ఆధారపడని నిలకడకి అది పేరు. మగవాడైతే ఆకులేని మాను దేవుడైంది. పార్వతికి అపర్ణ అని పేరు. పర్ణం లేనిది. కుమారసంభవం అయిదో సర్గలో కాళిదాసు ఆ పేరుకి కారణం చెప్తాడు. తపస్సులో ఆమె చెట్టు నుంచి తనంతట రాలిన ఆకుల్ని తినడం కూడా మానేసింది కాబట్టి అపర్ణ. శంకరాచార్యుల పేరు మీద ఉన్న ఆనందలహరిలో ఈ రెండు పేర్లనీ కలిపి ఒక చమత్కారం ఉంది. ఆకులున్న తీగనే లోకం ఆశ్రయిస్తుంది గాని, కొలవవలసింది ఆకులేని ఈ ఒక్క తీగనే, ఇది అల్లుకుంటే పాత మోడు కూడా మోక్షమనే ఫలం ఇస్తుంది అని దాని భావం. నాకు చాలా ఇష్టమైన ఊహ ఇది. ఆకు లేకపోవడాన్ని లోటుగా కాక శక్తిగా చూసిన చోటు మన సంప్రదాయంలోనే ఒకటుందన్న ఆనందం కలుగుతుంది. కాని రెండోసారి చదివితే ఆ ఆనందం కొంచెం తగ్గుతుంది. అపర్ణ ఆకు వదిలింది దేనికోసం? భర్త కోసం. భర్త రాకముందు చేసిన ఉపవాసం తపస్సు, పోయాక చేయించిన ఉపవాసం వైధవ్యం. ఒంటిపూట భోజనం, నేల మీద పడక రెండింటికీ ఒకటే. మధ్యలో ఉన్న తేడా శివుడు.

ఋతువర్ణనల్లో అయినా చెట్టు చెట్టుగా దొరుకుతుందేమోనని ఋతుసంహారం శిశిర సర్గ తీసి చూశాను. పండిన వరి, చెరుకు ఉన్నాయి. మూసిన కిటికీలు, నిప్పులు, ఎండ, మందపాటి బట్టలు ఉన్నాయి. ఆ కాలంలో అనుభవించవలసిన వాటి జాబితాలో నిప్పు, ఎండ, బట్టల పక్కనే యౌవనంలో ఉన్న స్త్రీలు కూడా ఉన్నారు. కిటికీ మూసేసుకుని లోపల కూర్చున్న మగవాడి శిశిరం అది. బయట చెట్లు ఎలా ఉన్నాయో అతనికి అక్కర్లేదు. మన ప్రబంధాల ఋతువర్ణనలు చాలావరకు ఆ గదిలోంచి చేసినవే. భావకవులు కిటికీ తెరిచారు గాని, తెరిచాక కనపడిన ఎండుకొమ్మలో తమ దుఃఖాన్నే చూసుకున్నారు. ఇంగ్లీషు సాహిత్యం మనకేమైనా సాయం చేసిందా అంటే, కాలేజీ పాఠాల్లో చాలామందికి పరిచయమైన ఓ. హెన్రీ 'ది లాస్ట్ లీఫ్' గుర్తు చేసుకోండి. అక్కడా మంచం మీద ఒక జబ్బుపడిన అమ్మాయి, గోడ మీద తీగ, చివరి ఆకు రాలితే ఆమె పోతుందన్న నమ్మకం. ఆమెని బతికించడానికి ఒక ముసలి చిత్రకారుడు రాలని ఆకుని గోడ మీద గీసి తాను చచ్చిపోతాడు. కథ గొప్పదే, కాదనను. కాని ఆకులన్నీ రాలాక కూడా ఆ తీగ బతికే ఉంటుందనీ, వసంతంలో మళ్ళీ చిగురిస్తుందనీ ఆ గదిలో ఒక్కరూ ఆ అమ్మాయికి చెప్పరు. చెప్తే కథే లేదు మరి.

మోడు అన్న మాట సానుభూతితో అన్నదే కదా, దానికింత రాద్ధాంతం ఎందుకు అని అడగొచ్చు. ఆ సానుభూతి దేన్ని కప్పిపెట్టిందో చూపించడానికి మా ఉత్తరాంధ్ర కథకుడు చాసో రాసిన 'ఏలూరెళ్ళాలి' చాలు. ముసలి భర్తకి రెండో పెళ్ళి భార్యగా వచ్చిన ఒక యువతి, అతను పోతే తన గతేమిటో ముందే లెక్క కట్టుకుంటుంది. కొడుకుంటే ఆస్తి ఉంటుంది, లేకపోతే దయాధర్మం మీద బతకాలి. ఆమె ఒక కుర్రవాడి వల్ల కొడుకుని కంటుంది. చాలా ఏళ్ళ తర్వాత రైల్లో కనపడినప్పుడు ఆమె హుందాగా, నిబ్బరంగా, కొడుకు తల్లిగా ఉంటుంది. నీతి గురించి తగువులు పడటానికి ఈ కథని వాడుకున్నంతగా, ఆస్తి గురించి మాట్లాడటానికి వాడుకోలేదు మనం. ఆ స్త్రీకి తాను మోడవుతానన్న కవితాత్మకమైన భయం లేదు. కొడుకు లేని వితంతువుని ఇంట్లో ఎక్కడ కూర్చోబెడతారో ఆమెకి బాగా తెలుసు. 1937లో వచ్చిన చట్టం వితంతువుకి భర్త ఆస్తిలో అనుభవించే హక్కు మాత్రమే, అదీ బతికున్నంత వరకే ఇచ్చింది. పూర్తి హక్కు 1956 హిందూ వారసత్వ చట్టంతో వచ్చింది. ఋతువులు మారితే ఇలాంటి మోడు చిగురించదు, చట్టం మారాలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించినప్పుడు, ఇదే విజయనగరం సీమ నుంచి కన్యాశుల్కం వచ్చినప్పుడు, కదిలింది చెయ్యి ఉన్న వ్యవస్థే గాని శిశిరం కాదు. ఆ రోజుల్లోనే, అంతకుముందు నుంచీ, శ్రమ చేసుకు బతికే కులాల్లో మారుమనువు ఉంది. మోడు అన్నది తెలుగు స్త్రీలందరి అనుభవం కానేకాదు. కొన్ని కులాల ఇళ్ళలోని లోగిలిలో పుట్టి, అచ్చు పుస్తకాల ద్వారా అందరి భాషా అయి కూర్చుంది.

మా ఇంట్లో ఒక లోగిలి ఉండేది. మా నాన్నగారి మేనత్తని మేం చిట్టి మామ్మ అనేవాళ్ళం. పందొమ్మిదో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, ఆరున్నర దశాబ్దాలకి పైగా ఆ ఇంట్లోనే ఉంది. పేరంటానికి వచ్చినవాళ్ళు ఆమె ముందే, ఆమె వండిన పులిహోర తింటూ, 'పాపం, చిన్నప్పుడే మోడయిపోయింది' అనేవారు. ఆమె ఏమనుకునేదో ముఖంలో తెలిసేది కాదు. పెరట్లో ఒక దేవగన్నేరు చెట్టు ఉండేది. ప్రతి ఏడూ సంక్రాంతి వెళ్ళేసరికి ఒక్క ఆకు లేకుండా, లావు లావు వేళ్ళు విప్పిన చెయ్యిలా నిలబడేది. ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు దాన్ని కొట్టించెయ్యమని సలహా ఇచ్చేవారు, పెరట్లో మోడు ఉండకూడదట. ఆమె ఎవరి మాటా వినలేదు. ఆ చెట్టు మొదట్లోనే ఎండకి కూర్చుని పత్రిక చదువుకునేది, ఆకులుంటే ఎండ రాదు కదా అని.

2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చిన రోజు మేం ఇంట్లో తలుపులకి అడ్డంగా బీరువాలు జరుపుకుని కూర్చున్నాం. మర్నాడు బయటికి వస్తే ఊరు గుర్తు పట్టలేకపోయాం. యూనివర్సిటీ క్యాంపస్‌లో, బీచ్ రోడ్డులో, కంబాలకొండలో చెట్లు వేలకివేలు కూలిపోయాయి. కూలకుండా మిగిలినవాటి మీద ఒక్క ఆకు లేదు. కైలాసగిరి పచ్చదనం ఒక్క రోజులో పోయి గోధుమరంగు కొండ మిగిలింది. ఎప్పుడూ కనపడని ఇళ్ళు, ఎప్పుడూ కనపడని సముద్రం కొమ్మల మధ్య నుంచి కనపడ్డాయి. ఆ తర్వాత నేను వెళ్ళిన కవిసమ్మేళనాల్లో విశాఖ నగరం ఎన్నిసార్లు విధవ అయిందో లెక్కలేదు. బొట్టు చెరిగింది, గాజులు పగిలాయి, పచ్చచీర లాగేశారు. నగరం స్త్రీ అయితే చాలు, తుపానుకి కూడా ఆమె వైధవ్యమే దొరుకుతుంది కవులకి. నిజానికి అది శిశిరం కాదు. ఆకులు రాలలేదు, ఉప్పుగాలి చీల్చి ఊడబెరికింది. చెట్టుకి సారం వెనక్కి తీసుకునే వ్యవధి లేదు, తెగే చోట పొర కట్టుకునే వ్యవధీ లేదు. రాల్చడానికీ ఊడబెరకడానికీ తేడా ఏమిటో నేను పుస్తకాల్లో కాక ఆ వారంలోనే చూశాను.

ఎనభై దాటిన చిట్టి మామ్మని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చాను. అన్నీ చూసి, 'వేళ్ళు కదల్లేదు కదే. ఆకుదేవుందీ, అదే వస్తుంది' అంది. దేవగన్నేరు వైపు చూసి, 'దీనికిది అలవాటే' అంది. కొన్ని వారాల్లోనే వేప మానుల మీద, కొమ్మలకి కూడా కాదు, మాను మధ్య నుంచి చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. ఊరంతా వాటి ఫొటోలు తీసుకుంది. అంతకుముందు నెల కొమ్మల ఫొటో ఎవరూ తీయలేదని కాదు, తీశారు, నష్టానికి రుజువుగా.

ఆ తర్వాత ఊరు మళ్ళీ పచ్చబడాలన్న తొందరలో ఎక్కడపడితే అక్కడ ఏడాకుల పాల మొక్కలు నాటారు. త్వరగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. చలి మొదలయ్యేసరికి పూసి ఆ ఘాటు వాసనకి తలుపులు మూసుకోవలసి వస్తోందని వీధుల్లో వాళ్ళు ఫిర్యాదులు చేశారు. దీన్నొక నీతికథ చెయ్యను, చెట్టు తప్పేం లేదు. కాని ఆకు రాల్చని చెట్టే మంచి చెట్టు అన్న ఎంపిక వెనక ఉన్న చూపు నాకు కొత్తది కాదు. నిత్యం పచ్చగా ఉండాలి అన్నది మొక్కకీ ముత్తయిదువకీ మనం ఇచ్చే దీవెనే. అన్నట్టు పాతపట్నంలో, పోర్టు పక్క వీధుల్లో ఆకులున్న చెట్టు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. బొగ్గు, ఖనిజం ధూళి పట్టి ఆకు రంగే మర్చిపోయి ఉంటుంది. అక్కడ జనవరిలో ఆకు రాల్చిన బాదం చెట్టే శుభ్రమైన చెట్టు.

ఇక్కడ అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' గురించి ఒక మాట చెప్పాలి. స్త్రీకీ చెట్టుకీ ఉన్న పోలికని మన వైపు నుంచి తిప్పిన కథ అది. కుండీలో ముద్దుగా, కురచగా పెంచిన బోన్‌సాయ్ ఒకవైపు, వీధిలో గాలివానకి నిలబడి నలుగురికి ఆసరా ఇచ్చే తురాయి చెట్టు ఒకవైపు. ఆడపిల్లని ఎలా పెంచుతున్నామో చెప్పడానికి అంత సూటి ప్రతీక మళ్ళీ రాలేదు. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా అమ్మాయిల ముఖాలు మారడం చూస్తుంటాను. అయినా ఆ కథ దగ్గర నాకొక ప్రశ్న మిగిలిపోయింది. తురాయి కూడా ఆకు రాలుస్తుంది. మా ఊళ్ళో మాఘమాసానికి దాని మీద నల్లటి పొడుగాటి కాయలు తప్ప ఏమీ ఉండవు, గాలికి అవి గలగలమంటుంటాయి. నీడ ఇవ్వని ఆ నెలల్లో ఆ చెట్టు విలువేమిటి? స్వేచ్ఛగా పెరిగిన స్త్రీ కూడా నలుగురికి నీడ ఇస్తేనే నిలబడటానికి అర్హురాలా? ఛాయాదేవి గారు రాసిన కాలానికి ఆ వాదన అవసరం. మగపిల్లాడిలా పెంచితే ఆడపిల్లా ఆసరా అవుతుంది అని చెప్పి ఒప్పించవలసిన కాలం అది. ఇవాళ మనం ఇంకో అడుగు వెయ్యొచ్చు. ఎవరికీ ఏమీ ఇవ్వని ఋతువులో కూడా చూడదగిన చెట్టు అది. మహెజబీన్ తన కవితా సంపుటికి 'ఆకురాలే కాలం' అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ అడుగు కొంత పడిందనే అనుకుంటాను. వసంతాన్ని వాగ్దానం చెయ్యకుండా ఆకురాలే కాలాన్ని అట్ట మీద పెట్టడానికి ధైర్యం కావాలి.

సెమినార్లో పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్తానన్నాను. అందం ఏమిటో చూడటానికి అరకు వెళ్ళే రైలెక్కాలి. డిసెంబరులో కాదు. డిసెంబరులో అందరూ వలిసె పూల కోసం వెళ్తారు, ఆ పసుపు పొలాల్లో నిలబడి ఫొటోలు తీసుకుని వస్తారు. ఫిబ్రవరిలో వెళ్ళాలి. కొత్తవలస దాటి, శృంగవరపుకోట దాటి, బండి కొండెక్కడం మొదలుపెట్టాక టైడా దగ్గర్నుంచి కిటికీలోంచి చూస్తూ ఉండాలి. ఆకులుండగా అడవి అంటే ఒక ముద్ద పచ్చదనం. ఆకు రాలాక ఒక్కొక్క చెట్టూ విడిగా తేలుతుంది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. టేకు కొమ్మల చివర పోయిన ఏటి పూలగుత్తులు ఎండి అల్లికలా మిగిలి ఉంటాయి. బూరుగ కొమ్మలు మాను చుట్టూ అంతస్తులు అంతస్తులుగా, నేలకి సమాంతరంగా చాపి ఉంటాయి. ఎవరో కొలత పెట్టి వేసినట్టు. ఏ కొమ్మ ఎటు తిరిగి వెలుతురు వెతుక్కుందో, ఏ ఏడు గాలికి ఎక్కడ విరిగి మళ్ళీ ఎక్కడ్నుంచి మొదలుపెట్టిందో, ఎన్ని గూళ్ళు మోసిందో అన్నీ బయటికి కనపడతాయి. ఆకు అనేది ఈ ఏటి సంగతి. కొమ్మ ఆ చెట్టు మొత్తం బతుకు. ఒక స్త్రీ ఆత్మకథ చదువుతున్నట్టే ఉంటుంది అని రాయబోయి ఆగాను. చూశారా, పోలిక ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో.

ఇంకో సంగతి. బూరుగ పూసేది ఆకు లేనప్పుడే. మోదుగ కూడా అంతే. అరచెయ్యంత ఎర్రటి పూలు ఉత్త కొమ్మకి అతుక్కుని ఉంటాయి, కాకులూ గోరింకలూ తేనె కోసం కొట్లాడుకుంటుంటాయి. అడ్డంగా ఆకులుంటే ఆ పూలు పిట్టలకి అంత దూరం నుంచి కనపడవు. చిగురు తర్వాత పువ్వు, పువ్వు తర్వాత కాయ అని మనం పెళ్ళికూతుళ్ళకి దీవెనల్లో నేర్పే వరసని ఈ చెట్లు పాటించవు. మోడు అని మనం జాలిపడే రోజుల్లోనే అవి వాటి ముఖ్యమైన పని చేసుకుంటున్నాయి.

అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒక సహాధ్యాయిని దీని మీద నాతో గట్టిగా వాదించింది. వాళ్ళ వైపు ఆకు లేని చెట్టంటే కరువు, మేత లేని పశువు, వలసపోయిన ఇల్లు. దాన్ని అందం అనడానికి కడుపు నిండి ఉండాలి అంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. కరువుకి మాడిన చెట్టుని చూసి పరవశించమని నేను ఎవరికీ చెప్పను. కాని ఆమె చెప్పింది నా మాటకే బలం. మాడిన చెట్టు వేరు, రాల్చిన చెట్టు వేరు. వానలు బాగా కురిసిన ఏడు కూడా బూరుగ ఆకు రాలుస్తుంది. ఈ తేడా చెట్టుతో బతికేవాళ్ళకి బాగా తెలుసు. తెలియనిది కిటికీ మూసుకుని కూర్చున్న మన భాషకే.

చెట్టుతో బతికేవాళ్ళు పెట్టిన పేరు ఒకటి చెప్తాను. ఈ కొండల్లో రాతినేలల మీద, ఇంకేదీ మొలవని చోట తెల్లగా నిలబడే చెట్టు ఒకటుంది. బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది, చలికాలానికి ఆకంతా రాల్చేస్తుంది, ఆకు లేకుండానే పూస్తుంది. దాన్ని తపసి అంటారు, కోవెల అని కూడా అంటారు. తపసి అన్నప్పుడు మన చెవికి తపస్సు చేసుకునేవాళ్ళే వినిపిస్తారు. పుస్తకాల భాష మోడు అన్నచోట అడవి భాష తపసి అంది. అపర్ణ కథ గుర్తొచ్చి, ఇదిగో మనకి కావలసిన ప్రతీక దొరికిందని నేను సంబరపడటానికి ఒక్క నిమిషం చాలు. కాని తపసి చెట్టు మీద గాట్లుంటాయి. దాని జిగురు మందుల్లో, తినుబండారాల్లో, కట్టుడు పళ్ళు అతికించే పొడుల్లో వాడతారు, విదేశాలకి వెళ్తుంది. 1956లో విశాఖ కేంద్రంగా ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. గొడ్డలితో లోతుగా నరికి జిగురు తీసిన పాత పద్ధతికి చాలా చెట్లు చచ్చిపోయాయి. విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ వంటివి చెట్టు బతికేలా చిన్న గాట్లు పెట్టడం నేర్పాయి. ఆ జిగురు ఏరి, పుల్లలూ బెరడు ముక్కలూ తీసి శుభ్రం చేసేవాళ్ళలో స్త్రీలు ఎందరో. వాళ్ళకి ఆ చెట్టు వైధవ్యమూ కాదు, వైరాగ్యమూ కాదు. స్త్రీని మోడు నుంచి విడిపించడం సగం పనే. చెట్టుని కూడా మన నుంచి విడిపించాలి, అపర్ణ నుంచి కూడా, అన్నది నాకు అక్కడే తట్టింది.

మొన్న ఫిబ్రవరి చివర అనంతగిరి దగ్గర ఒక కొండవాలులో చేట ముందు పెట్టుకుని జిగురు చెరుగుతున్న ఒకావిడతో కాసేపు కూర్చున్నాను. ఎదుటి కొండ మీద తెల్లగా నాలుగైదు మానులు, ఒక్క ఆకు లేదు. ఇన్ని చెట్లలో ఇది తపసి అని ఎలా గుర్తు పడతారని అడిగాను. ఆవిడ నవ్వి చేట పక్కన పెట్టింది. 'ఆకున్నప్పుడైతే ఏ చెట్టేదో మాకూ దగ్గరికెళ్తే గాని తెల్దమ్మా. ఇప్పుడైతే ఇక్కణ్ణించే తెల్సిపోద్ది. అదిగో, ఆ వంకర కొమ్మున్నది మాది.'